పొయ్యి ఖాళీ లేదు

మద్రాసు వ్యాసర్పాడిలో క్రిస్మస్ ముందటి సాయంత్రం. మంచుకు తోలు మెత్తబడిన డోలక్‌ను చంకన పెట్టుకుని భర్త వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. భార్య పొయ్యి ముందు నుంచి కదలడం లేదు.

"ఆ కుండ దించవే. డోలక్కు సెగ చూపించాల."

"నీళ్లు ఇంకా కాగలా మామా."

"ఇందాక పప్పన్నావు, తర్వాత పాలన్నావు, ఇప్పుడు నీళ్లా? తలకు పోసుకునేది రేపు పొద్దున కదా?"

"మార్గళి నెల చలి. ముందే కాగితే మంచిది."

"ఈ తోలు చూడు, తడిసిన అప్పడం మాదిరుంది. ఇది పలక్కపోతే గుళ్లో క్రిస్మస్ పాటే లేదు, తెలుసా?"

"అది పలికితేనే పాట లేదు. పోయినేడు నీ దరువు తప్ప ఒక్క మాట ఇనపడలేదంట. అయ్యగారే చెప్పినారు."

"నీతోనా? ఏమని?"

"ఈసారి పొయ్యి ఖాళీగా ఉంచొద్దమ్మా అని."

"అడడా! పాస్టరు చెప్తే మొగుణ్ణే మోసం చేస్తావా? నీకేమిస్తానన్నాడు ఆయన?"

"ఏమీ లే."

"సుమ్మా చెప్పవే, దాచొద్దు."

"మొదటి పాట నన్ను పాడమన్నారు. నన్నొక్కదాన్నే."

"నువ్వా?"

"ఇంట్లో ఎట్టాగూ నీ గొంతే ఇనపడతాది. ఆడన్నా ఒక్కసారి నాది ఇనపడనీ మామా."

అతను డోలక్ తోలు ఒకసారి నిమిరి, కుండలోకి తొంగి చూశాడు.

"ఆ నీళ్లు కాగినట్టుండాయే."

"ఎప్పుడో కాగినాయి."

"అయితే దించి, ఇంకో కుండ ఎక్కించు. పొయ్యి ఖాళీగా కనిపిస్తే నా చెయ్యి ఊరికే ఉండదు."