అన్నయ్య కంచె

అలా గోడవైపు తిరిగి పడుకుంటే ఆకలి తీరుతుందా అన్నయ్యా? లే. మీ ఇంట్లో పొగవాసన పోయేదాకా నువ్విక్కడే ఉండాలిగా. మీ బావకి ముఖం చూపించలేక నా వంట మీద అలిగితే ఎలా?

ఆయన్ని తిట్టాలనుందా? ఆ పని నేనెప్పుడో చేసేశాను. నీకేం మిగల్చలేదు.

అసలిదంతా ఆ ఫైర్ ఆఫీసరు పెట్టిన చిచ్చు. ఎండలు ముదరకముందు వచ్చి, "కొండ అంటుకుంటే మంటకి దారి మీరే వేస్తున్నారు, మీ ఎండుగడ్డే దాని రోడ్డు" అని చెప్పి వెళ్లాడా? నువ్వు విని ఇంటికెళ్లి పడుకున్నావు. ఈయన విని కత్తి నూరాడు.

దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది? పెరడంతా గుడ్డ తాను అనుకున్నాడు. ఇంటిచుట్టూ గడ్డి చెక్కేశాడు. చెట్లకి కింది కొమ్మలు కొట్టేశాడు, వాటిని పట్టుకుని మంట పైకి ఎగబాకుతుందట. గోడకి ఆనించిన కట్టెలు పెరటి చివరికి మోశాడు. ఎండాకులు ఊడవడానికి కప్పెక్కితే, "ఏమ్మా, మీ ఆయన అలిగి పైకెక్కాడా" అని దారినపోయేవాళ్లు నన్నడిగారు. ఆఖరికి గుమ్మం మీది నా పూలతీగ కూడా కొట్టేశాడు. ఇల్లు గుండు కొట్టించుకున్నట్టయింది. కొన్నాళ్లు నేను మాట్లాడలేదు. ఆయన గమనిస్తే ఒట్టు.

తర్వాత నీ మొక్కల కంచె మీద కన్నుపడింది. "బావా, సగం ఎండిపోయింది, మీ ఇంటికి వత్తి పెట్టినట్టుంది, నేనే కొట్టిపెడతాను" అన్నాడు. నువ్వేమన్నావు? "నా కంచె మీద చెయ్యేస్తే నా గడప తొక్కకు." అన్నావా లేదా? దుప్పటి ముఖం మీదికి లాక్కుంటే సరిపోదు.

మొన్న మధ్యాహ్నం గాలి తిరిగి కొండమంట కిందికి దిగింది. నువ్వేమో ఊళ్లో లేవు. మావైపు వచ్చిన మంట ఆయన చెక్కిన నేల దాకా వచ్చి, తినడానికేం దొరక్క చల్లారిపోయింది. నీళ్లగొట్టం పట్టుకుని నిలబడ్డదాన్ని, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నీ షెడ్డు మాత్రం అంటుకుంది. దాన్ని ఆనుకుని ఇంటిదాకా కంచె. కంచె పోయినా ఇల్లెలా మిగిలిందో, గాలి మళ్లీ తిరిగిందేమో అన్నావు నిన్న.

గాలీ లేదు, పాడూ లేదు. కంచె అంటుకోకముందే ఆయన నరికేశాడన్నయ్యా. షెడ్డు మండుతుంటే గొడ్డలి పట్టుకుని నీ గడప తొక్కాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను, "మా అన్నయ్య వద్దన్నాడుగా, వచ్చేయండి" అని. "నన్ను గెంటేయడానికైనా మీ అన్నయ్యకి ఇల్లుండాలి కదే" అన్నాడు. నరికిందంతా ఈడ్చుకెళ్లి దూరంగా పడేశాడు. అది అక్కడ బూడిదైంది. ఫైరింజను వచ్చేసరికి ఆయన అరచేతుల్లో చర్మం లేదు.

నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. "కంచె మంటకే పోయిందనుకోనీ, మీ అన్నయ్య మాట నిలబడుతుంది" అని. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ నాతో ఒట్టేయించుకున్నాడు చూడు, ఆయన్ననాలి.

లేచావా? ముందు ముఖం కడుక్కో. ఆయన వసారాలో కూర్చున్నాడు. చేతులకి కట్లు. నేను తినిపిస్తానంటే సిగ్గట.

నువ్వు పెడితే తింటాడేమో చూద్దాం, పద.