రాహుకాలంలో దిగిన బస్తాలు

నా పేరు పోకూరి చెంచయ్య. తండ్రి పేరు వెంకయ్య. వయసు అరవై ఎనిమిది. ఐదో తరగతి చదివాను. ప్రత్తిపాడు నుంచి గుంటూరు వెళ్లే రోడ్డు మీద ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఇరవై రెండేళ్లుగా మూడో నంబరు గది తలుపు దగ్గర పని. నేనే ఎస్.ఐ. గారి దగ్గరకు వెళ్లాను, వారు ఇక్కడికి పంపారు. మేజిస్ట్రేట్ గారు భయం లేకుండా చెప్పమన్నారు. భయంగానే ఉంది. చెబుతాను.

రైతు లారీ గేటు దగ్గర కాటా ఎక్కుతుంది. ఆ టైము కాటా కంప్యూటరే రాసుకుంటుంది. బస్తాలు గదిలోకి వెళ్లాక ఏ రైతువి, ఎన్ని, ఎన్ని గంటలకు అన్నది నేను టాబ్‌లో కొట్టాలి. మూడేళ్ల కిందటి వరకు పుస్తకంలో రాసేవాణ్ణి.

కాటా ప్రోగ్రాం ఒకరు రాసింది, గదుల ప్రోగ్రాం ఇంకొకరు రాసింది. రెండూ వేర్వేరు కంప్యూటరు భాషలట. రెంటినీ కలపడానికి జనవరిలో అఖిల అనే అమ్మాయిని పెట్టుకున్నారు. ఊరు వినుకొండ. ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. తను టీ తెచ్చుకుంటే నాకూ తెచ్చేది.

మార్చి 10, సోమవారం ఉదయం 9 గంటలకు అఖిల నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "తాతయ్యా, కాటా కంప్యూటరు లండన్ టైము రాస్తంది. గదులది మన టైము. ఐదున్నర గంటలు తేడా. అది సరిచేశా. అయినా పదకొండు లారీలు కలవట్లా," అంది. ఆ లారీలు కాటా ఎక్కకముందే బస్తాలు గదిలోకి వెళ్లినట్టు ఉందట. ఒకటి యాభై నిమిషాలు ముందు. ఒకటి గంటా పది నిమిషాలు ముందు.

"మిషను తప్పైతే అన్నీ ఒకే లెక్కన తప్పుతాయి. ఇవి తలా ఒక తీరుగా తప్పాయి. మనిషే మార్చాడు. నువ్వేమన్నా మార్చి కొట్టావా తాతయ్యా?" అని అడిగింది.

మేనేజరు ప్రేమ్‌చంద్ గారు వెనకే నిలబడి ఉన్నారు. నాకు తెలియదమ్మా అన్నాను.

నాకు తెలుసు.

మార్చి 4, మంగళవారం. రైతు అంకమ్మరావు లారీ మధ్యాహ్నం 3 గంటల 40 నిమిషాలకు కాటా ఎక్కింది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. బస్తాలు మోసే ముఠా వాళ్లు ఆగలేదు, దించేశారు. అంకమ్మరావు నా చెవి దగ్గరకొచ్చి, "ఒరేయ్ చెంచయ్యా, రాహుకాలంలో పెట్టినట్టు రాయమాకరా. అసలే రేటు పడిపోయి చస్తన్నాం. మూడు లోపల కొట్టు," అన్నాడు.

"లారీని అందరూ చూశారు కదరా," అన్నాను.

"రాహువు లారీని చూడడురా, రాసిందే చూస్తాడు," అన్నాడు.

ముఠా వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. 2 గంటల 50 నిమిషాలు అని కొట్టాను.

పుస్తకం ఉన్న రోజుల నుంచీ ఇంతే. రైతు అడిగితే కాదనలేను. అప్పట్లో పుస్తకాన్ని కాటాతో ఎవరూ పోల్చలేదు. ఆ పదకొండూ నేనే మార్చాను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు.

మార్చి 12న మూడో గదిలో నలభై రెండు బస్తాలు తక్కువ వచ్చాయి. దొంగతనం కప్పిపుచ్చడానికి అఖిలే టైములు మార్చిందని ప్రేమ్‌చంద్ గారు కేసు పెట్టారు. ఎస్.ఐ. గారు నన్నూ అడిగారు. తెలియదన్నాను. అఖిలను జీపు ఎక్కించారు. ఎక్కుతూ, "తాతయ్యా, టాబ్ చార్జింగు పెట్టు," అంది. పెట్టాను. అప్పటి నుంచి రోజూ పెడుతున్నాను.

మొన్న ప్రేమ్‌చంద్ గారు, "పెద్దాయనా, నోరు మెదిపావంటే ఆ తలుపు దగ్గర ఇంకోడు కూర్చుంటాడు," అన్నారు. సరేనండి అన్నాను. నిన్న పొద్దున్నే స్టేషనుకు వెళ్లాను.

బస్తాలు ఎవరు తీశారో నాకు నిజంగా తెలియదు. టైముల సంగతి తెలుసు. ఏ లారీకి ఎంత జరిపానో పదకొండూ విడిగా చెప్పాను, రాసుకున్నారు. కాటా టైములతో పోల్చుకోవచ్చు. ఆ అమ్మాయి బెయిలు రేపు విచారణకు వస్తుందట. ఈ కాగితం ఈ రోజే చేర్చమని వేడుకుంటున్నాను. ఇప్పుడు రాహుకాలమే, అయినా కింద టైము ఉన్నదున్నట్టే వేయమన్నాను.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. చెప్పొద్దన్నవారు ఉన్నారు, ఇలా చెప్పమని నేర్పినవారు ఎవరూ లేరు. ఇది నిజం.

(సంతకం) పోకూరి చెంచయ్య
20-03-2025, గురువారం, మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలు