తల తియ్యనన్న ఎలుగుబంటి

నా పేరు, ఇంటి నంబరు పై గడిలో మీరే రాసుకున్నారు. వయసు నలభై నాలుగు. వృత్తి ఎలుగుబంటి. అలా రాయడం కుదరదని మీ స్టేషన్ రైటర్ గారు "వినోద సిబ్బంది" అని రాశారు. సరే, మీ ఇష్టం. పిల్లల ఆటల పార్కుని ఆనుకుని ఉన్న రిసార్టులో ఎలుగుబంటి వేషం కట్టడం నా ఉద్యోగం. అక్కడ అసలు పేరుతో నన్నెవరూ పిలవరు. పిల్లలకు నేను బంటి మావయ్యని. పొద్దంతా నోరు కట్టుకుని తిరుగుతాను కాబట్టి ఒకసారి నోరు విప్పానంటే ఆగను. మా ఆవిడ అదే రిసార్టులో లాండ్రీ పని చేస్తుంది. "నోరు మెదపని ఉద్యోగం చేసొచ్చి ఇంట్లో నా బుర్ర తింటావేం?" అంటుంది. మీరూ కాస్త ఓపిక పట్టాలి సార్.

ఎలుగుబంటికి మా దగ్గర రెండే నియమాలు. పిల్లల ముందు మాట్లాడకూడదు. పిల్లల ముందు తల తియ్యకూడదు. చెమట కారినా, దురద పుట్టినా అంతే. ఒకసారి లోపల చీమ దూరి చెవి కొరుక్కు తింటున్నా నేను తియ్యలేదు. నేను గెంతుతుంటే పిల్లలు డాన్స్ అనుకున్నారు. ఈ కేసంతా ఆ రెండు నియమాల వల్లే వచ్చింది. అందుకే ముందే చెబుతున్నాను.

రోజూ ఏడున్నరకి గదుల దగ్గరికి వెళ్ళి పిల్లల్ని నిద్ర లేపడం నా మొదటి పని. కావాలనుకున్న వాళ్ళు ముందురోజే పంజా బొమ్మ ఉన్న అట్టని తలుపు గొళ్ళేనికి తగిలిస్తారు. గదికి ఒకటే అట్ట ఇస్తారు. అట్ట కనిపిస్తే తలుపు తడతాను. ఎవరు తీస్తే వాళ్ళని కౌగిలించుకుంటాను. అట్ట లేని తలుపు జోలికి పోను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పోలేదు.

ఈ రోజు పొద్దున రెండో అంతస్తులో చివరి గది తలుపుకి అట్ట ఉంది. అందులో ఎవరున్నారో నాకు తెలుసు. హోటళ్ళకు స్టార్లు ఇచ్చే బోర్డు అధికారి. రాగానే అందరికీ చుక్కలు చూపించారాయన. పడవ ఆకారంలో ఉన్న మంచం చూసి "ప్రామాణిక మంచం లేదు" అని మార్కులు తగ్గించారు. గోడ నిండా అడవి బొమ్మలుంటే "రాసుకునే బల్ల ఏదీ?" అన్నారు. లాబీలో పిల్లలు కేరింతలు కొడుతుంటే శబ్దం కొలిచే మిషను బయటికి తీశారు. ఉన్న నాలుగు స్టార్లలో ఒకటి ఊడుతుందని మా మేనేజరుకి ముద్ద దిగడం లేదు. అలాంటి మనిషి తలుపుకి పంజా కనిపించేసరికి, పోన్లే, ఇప్పటికైనా మన దారికొచ్చాడని సంబరపడ్డాను. అక్కడే పప్పులో కాలేశాను.

తలుపు తీసింది ఆయనే. ముఖం నిండా గడ్డం గీసుకునే నురగ. కౌగిలించుకున్నాను. నురగంతా నా ఛాతీ బొచ్చుకి అంటుకుంది. ఇదిగో, ఎండి అట్టకట్టింది. మా ఆవిడ చూస్తే కారాలు మిరియాలు నూరుతుంది.

"ఎవడివి నువ్వు? ఎవరు రమ్మన్నారు?" అన్నారాయన. తలుపుకున్న అట్ట చూపించాను. "అదేంటో నాకు తెలీదు. నోరు లేదా నీకు? మాట్లాడు!" అన్నారు. ఎదురుగది తలుపు తెరుచుకుని ఆరేళ్ళ పాప నిలబడి ఉంది. ఎలా మాట్లాడను? గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగాను. ఆయన రెండు చేతులా నా తల పట్టుకుని లాగారు. నేను ఆయన మణికట్లు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. అది దాచను.

"మావయ్య తల లాగకు!" అని పాప ఏడుపు లంకించుకుంది. "అట్ట నేనే పెట్టాను. ఆ తాత ఒక్కడే వచ్చాడు. ఒక్కడే తింటున్నాడు. ఆయన్నెవరు లేపుతారు?" అంది. అప్పుడు చూశాను, పాప గది తలుపుకి అట్ట లేదు. తన వంతు తెచ్చి ఆయనకిచ్చేసింది.

ఆయన నా తల వదిలేశారు. కానీ ఆ సరికే గొడవ విని ఎవరో మీకు ఫోన్ చేసేశారు. కానిస్టేబుల్ గారు వచ్చేటప్పటికి వసారా అంతా పిల్లలే. "తల తియ్యి" అన్నారు. అడ్డంగా ఊపాను. "పోలీసుకే ఎదురు తిరుగుతావా?" అన్నారు. మళ్ళీ అడ్డంగానే ఊపాను. పిల్లలు ఇదేదో కొత్త ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. జీపు ఎక్కిస్తుంటే టాటా చెప్పారు, నేనూ చెయ్యి ఊపాను. దాన్ని వెక్కిరింపు అని రాసుకున్నారట. కాదు సార్. పిల్లలు టాటా చెబితే ఎలుగుబంటి చెయ్యి ఊపాలి.

ఈ గది తలుపు వేశాకే తల తీశాను. అది మీరే చూశారు.

ఇందాక మేనేజరు గారు, ఆ అధికారి మీ ముందే కూర్చుని బేరం పెట్టారు. "అందరి ముందూ జరిగింది, అందరి ముందే క్షమాపణ చెప్పాలి" అన్నారు అధికారి. మేనేజరు నా గడ్డం పట్టుకున్నంత పని చేశారు. "ఒక్క నిమిషం ఓర్చుకోవయ్యా. రేపు పొద్దున భోజనాల హాల్లో తల తీసి సారీ చెప్పు. కేసు పోతుంది, నీ ఉద్యోగం ఉంటుంది. లేదా జైల్లో కూర్చుని నీ తలకి నువ్వే కాపలా కాసుకో" అన్నారు.

నేను చెప్పనన్నాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను. సారీ కావాలంటే ఈ గదిలో, తలుపు వేసి, కాళ్ళు పట్టుకుని చెబుతాను. మణికట్లు పట్టుకున్నందుకు చెబుతాను. హాల్లో తల మాత్రం తియ్యను. ఉద్యోగం పోతే భయమే సార్, అబద్ధమెందుకు. నలభై నాలుగేళ్ళ ఎలుగుబంటికి ఇంకెవరిస్తారు పని? మా ఆవిడకి ఫోన్ చేస్తే, "లోపల వేస్తే వెయ్యనీ, తల తీసి మాత్రం ఇంటికి రాకు" అంది. ఇంకేం కావాలి నాకు?

ఆ అధికారి చెడ్డమనిషని రాయకండి. "నీ మీద కక్ష లేదయ్యా" అన్నారు నాతో. "నా కాగితంలో మంచానికి గడి ఉంది, బల్లకి గడి ఉంది. నీకు లేదు. నీకు మార్కులేస్తే రేపు ప్రతి హోటలు వాడూ ఎవడికో కోతి వేషం వేసి స్టారు ఇమ్మంటాడు." అందులో న్యాయముంది. పనుల మీద తిరిగే మనిషికి బల్ల కావాలి, నిశ్శబ్దం కావాలి. కానీ మా దగ్గరికి అలాంటి వాళ్ళు రారు కదా! చెప్పుల సైజు చూసి టోపీ కొన్నట్టుంది వీళ్ళ లెక్క. ఆయనతో అదే అన్నాను. "నాకు గడి లేకపోతే మార్కులెయ్యకండి. కానీ అతిథి విశ్రాంతికి భంగం అని రాయకండి. ఆ పాప తన వంతు మీకిచ్చింది. దాన్ని భంగం అనకండి" అన్నాను. ఆయన తన కాగితాలు సర్దుకున్నారు. షరతు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అట్ట సంగతి చెప్పడానికి పాపని తీసుకుని వాళ్ళ నాన్న వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడని ఇప్పుడే చెప్పారు. మంచిదే, నాకున్న సాక్షి ఆ పాపే. కానీ తలుపు తీసేముందు ఒక్క క్షణం ఆగండి, తల పెట్టుకోవాలి. ఆ తరవాత నన్నేమడిగినా నోటితో జవాబు రాదు. అందుకే సంతకం ఇప్పుడే పెట్టేస్తున్నాను.

ఇందులో ఒక్క ముక్కా కల్పించలేదు. ఎవరి ఒత్తిడీ లేదు. నా నోటితో చెప్పిందే రాశారు.

(సంతకం)

విచారణాధికారి నమోదు: వాంగ్మూలాన్ని చదివి వినిపించే సమయానికి బాలసాక్షి గదిలోకి వచ్చినందున నిందితుడు తల ధరించి ఉన్నాడు. రాసినదంతా నిజమేనా అని అడగగా నిలువుగా తల ఊపాడు. రేపు హాల్లో తల తీస్తావా అని అడగగా అడ్డంగా ఊపాడు. ఫిర్యాది అయిన హోటళ్ళ బోర్డు అధికారి అక్కడే ఉన్నారు. పాప ఆయన్ని "మావయ్య నిన్ను లేపాడా తాతా?" అని అడిగింది. ఆయన "లేపాడమ్మా" అన్నారు. తరవాత ఫిర్యాదు కాగితం అడిగి తీసుకుని, దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు కింద రాసి ఇచ్చారు. మార్కులు మాత్రం మారవన్నారు. నిందితుడు దానికీ నిలువుగానే తల ఊపాడు.