నందిగామ బంకు దాటాక

"ముందు పిన్ని నడుం సంగతి చెప్పండి బాబాయ్," అన్నాడు తేజేశ్వర్. బ్యాంకు ఉద్యోగి, పెళ్లై ఆరు నెలలు. భార్య సాయిశ్రీని బండి మీద లడాక్ తీసుకెళ్లాలని ఒకటే కోరిక. "సుందరి పిన్ని నడుం బాగుంటే నేనూ వస్తా" అందా అమ్మాయి. సెలవు చీటీ ఇవాళే ఇవ్వాలి. అందుకే పొద్దున్నే పటమటలో మాణిక్యమ్మ టీ బడ్డీ దగ్గర, భార్య సుందరితో బండి మీద లడాక్ వెళ్లొచ్చానని చెప్పుకునే చేనేత బట్టల కొట్టు ఏడుకొండలు గారిని పట్టుకున్నాడు.

నడుమా! మీ పిన్ని నడుం గురించి నన్నడుగుతావేంట్రా అబ్బాయ్? పటమటలో ఎక్కింది, నందిగామ దాకా కిక్కురుమనలేదు. అక్కడ పెట్రోలు కొట్టించా. మన పద్ధతి తెలుసుగా, ఆడవాళ్లు బంకు బయటే దిగి నించుంటారు, మనం లోపలికెళ్లి ట్యాంకు నింపుకుంటాం. నింపా, హెల్మెట్ పెట్టా, కొట్టా బండి! ఇంక ఆగితే ఒట్టు. దారి పొడుగునా కబుర్లే. మా తోడల్లుడి కొత్త కారు గొప్పలు, మా పెళ్లిలో పప్పు మాడిన సంగతి, మా అత్తగారి కంచి యాత్ర, అన్నీ చెప్పుకుంటూ పోయా. ఒక్కదానికీ అడ్డు రాలేదు. పాతికేళ్ల కాపురంలో అంత శ్రద్ధగా వినడం అదే మొదలు, నాకే కళ్లు చెమర్చాయనుకో.

"సుందరమ్మగారేనా? అడ్డు రాలేదా?" అంది మాణిక్యమ్మ టీ వడగడుతూ.

ఆవిడే! మధ్యాహ్నం భోజనానికి నాగపూర్‌లో ఉన్నాం.

"ఏడొందల కిలోమీటర్లండీ," అన్నాడు అంతోని. హైదరాబాద్ రూట్లో బస్సు కండక్టరు, డ్యూటీ దిగి వచ్చాడు.

నీ బస్సు లెక్కలు నాకు చెప్పకు అంతోనీ, మాకు స్టాపులేమన్నా ఉన్నాయా? మర్నాటికి మంచు కొండలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజన్ గడ్డకట్టుకుపోయింది. మిలట్రీ వాళ్లే చేతులెత్తేశారు. నేను తొణకలేదు, సంచిలోంచి ఆవకాయ జాడీ తీసి, పైన తేరిన నూనె రెండు గరిటెలు ఇంజన్లో పోశా. బండి ఒక్క తుమ్ము తుమ్మింది చూడూ, ఆ ఘాటుకి చుట్టూ మూడు మైళ్ల మంచు కరిగి వాగైపోయింది. మరి ఆ వాగు దాటాలిగా! బండిని భుజానికెత్తుకున్నా. మీ పిన్ని సీటు మీదే కూర్చుంది, దిగితే చీర తడుస్తుందని. అటొడ్డున ఆఫీసరు సెల్యూట్ కొట్టి, మేడం గారి నడుం దేంతో చేశారు సార్ అనడిగాడు!

"అప్పుడూ పిన్ని ఏమీ అనలేదా?"

నందిగామ దాటాక ఒక్క మాటంటే ఒట్టు! చెప్పు మీ ఆవిడకి.

తేజేశ్వర్ సంబరంగా ఫోన్ తీశాడు.

"ఆగు బాబూ," అన్నాడు అంతోని గ్లాసు కింద పెట్టి. "ఏడుకొండలు గారూ, కిందటి నెల రెండో శనివారమేనా అది? ఆ రోజు నందిగామ బంకు బయట ఒకావిడ, చేతిలో హెల్మెట్, భుజాన ఆవకాయ సంచీ, మా బస్సు ఆపి ఎక్కింది. మావారు పెట్రోలు కొట్టించుకుని నన్నెక్కించుకోకుండానే వెళ్లిపోయారంది. ఫోన్ చెయ్యండమ్మా అన్నా. ఎప్పుడు చూసుకుంటారో చూద్దామంది. ఆ ఫోనేదో విజయవాడ బస్టాండులో దిగేటప్పుడొచ్చింది. అప్పటికి తమరు సూర్యాపేటలో ఉన్నారు."

బడ్డీ మొత్తం గొల్లుమంది. తేజేశ్వర్ ఫోన్ జేబులో పెట్టేసి, "మేం రైల్లో వెళ్తాం బాబాయ్," అన్నాడు.

ఏడుకొండలు ఖాళీ గ్లాసే మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తనే అంతోని పక్కకి జరిగి, గొంతు తగ్గించాడు.

"ఆ రోజు నుంచి సుందరి బండెక్కట్లేదయ్యా. ఎంత బతిమాలినా సరే. నీతో ఏమన్నా అందా?"

"అందండీ. కిటికీ పక్క సీట్లో వెనక్కి వాలి కళ్లు మూసుకుని, నడుముకీ చెవులకీ ఇన్నాళ్లకి సుఖంగా ఉంది బాబూ, అంది."