గెడ్డ సేప సింపీసిన వల

"బావా, వల సంగతి తరవాత. ముందు నా మాట ఇను," అన్నాడు వీరన్న.

మా జాలరిపేట టీ కొట్టు బల్ల మీద గోనెసంచి పెట్టి, దాని మీద మోచెయ్యి ఆన్చి కూర్చున్నాడు. సంచిలో ఉన్నది మోహన్ వాళ్ల నాన్న పోయే ముందు చేత్తో అల్లిన విసురు వల. జాగ్రత్తగా తెస్తానని ఒట్టేసి వారం కిందట వీరన్న పట్టుకెళ్లాడు. ఎదురుగా మోహన్, పక్కనే చేపల గంప దించుకుని వాళ్లమ్మ పోతమ్మ.

"కాలేజీ కీర్తన మేడమ్ వచ్చి, పాడేరు అవతల కొండ గెడ్డల్లో ఏయే సేపలున్నాయో రాసుకోవాలి, వల ఇసిరే మొనగాడు కావాలంటే, పేటలో ఎవుడి పేరు సెప్పినారు? నా పేరు!"

"నువ్వే సెప్పుకున్నావ్ బావా."

"ఎవుడో ఒకడు సెప్పాల కదా. సరే, ఎల్నాం. వాగులో మోకాల్లోతు నీళ్లు. సేపని పట్టాల, స్కేలెట్టి కొలవాల, ఫోటో తియ్యాల, మళ్లీ నీళ్లలో వదిలీయాల. అదీ పని."

"వదిలీడమేటి! కూరొండుకోరా?" పోతమ్మ నిజంగానే బాధపడింది.

"సదువంటే అదే అత్తా. మొదట్రోజు రాయి కింద సెయ్యెట్టి, నోటితో రాయిని కరుసుకునుండే సేపని, నా వేలంత దాన్ని, లాగీసినాను. మేడమ్ సప్పట్లు కొట్టీసింది. రెండోరోజు నా సెయ్యంత. మూడోరోజు ఏటైందో తెలుసా?"

"నీ అంత," అన్నాడు మోహన్.

"నానెంత బావా! మన పడవంత! వల ఇలాగ గుండ్రంగా ఇసిరినాను, అది వల్లో పడి, వలతో పాటు నన్నూ లాగీసుకుని జలపాతం ఎక్కీసింది. నీళ్లు కిందకి దిగతన్నాయి, నాను పైకెల్తన్నాను! అరకు రైలు పట్టాలు దాటతంటే డ్రైవరు బండాపీసి దండమెట్టినాడు. అది ఒక్కసారి తోక జాడిస్తే ఆ నీళ్లు ఎక్కడ పడ్డాయో తెలుసా? మొన్న బుధవారం పరవాడలో మబ్బు లేకుండా వాన పడలేదా?"

"పడిందండి," అన్నాడు కొట్టు చలమయ్య గ్లాసు తుడుస్తూ. "మా చెల్లెలు ఆరేసిన బట్టలన్నీ తడిసిపోయాయి."

దాంతో వీరన్నకి ఊపొచ్చింది. "సూసినారా! మేడమ్ దాన్ని కొలుస్తంటే, మొప్పల కాడికి వచ్చీసరికే పుస్తకం నిండిపోయింది. ఆకరికి అది పళ్లతో వలని పర్రుమని సింపీసి, 'వీరన్నా, నీలాటోడ్ని సూళ్లేదు' అన్నట్టు తలాడించి ఎలిపోయింది. అందుకే బావా, వల... కొద్దిగా..."

మోహన్ నవ్వు ఆగిపోయింది. పోతమ్మ సంచి లాక్కుని వలని ఒళ్లో పరుచుకుంది. మూరెడు చిరుగు. మొగుడు వేసిన ముడులు వేళ్లతో తడుముతుంటే ఆమె ముఖం చిన్నబోయింది. వీరన్న టీ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించేశాడు.

తడుముతూ తడుముతూ ఆమె వల మడతలోంచి ఒక పనసాకు తీసింది. ఇంకో పనసాకు తీసింది. తర్వాత పుల్లలు, పీచు, దూది కలిపి అల్లిన ఒక ఖాళీ పిట్టగూడు తీసి బల్ల మీద పెట్టింది.

"వీరన్నా, నీ సేప సెట్టెక్కి గూడు కట్టిందేటిరా?"

కొట్టు మొత్తం గొల్లుమంది.

"సంద్రం మీద ఇసిరినట్టే ఇసిరీసినావు. నెత్తి మీద కొమ్మలున్నాయని సూసుకోలేదు. అవునా?"

వీరన్న తల దించుకున్నాడు. "పైన ఆకాశమే ఉంటాదనుకున్నాను అత్తా. మావ అల్లిన వలని సెట్టెక్కి మెల్లగా తీద్దావనుకున్నాను. సిరిగిపోయింది. ఏడుపొచ్చీసింది."

పోతమ్మ కాసేపు అతణ్ణి చూసి, గంపలోంచి వల అల్లే సూదీ దారం తీసి చేతిలో పెట్టింది. "ఇంద. కుట్టు."

వీరన్న బుద్ధిగా రెండు ముడులు వేశాడు. మూడో ముడి దగ్గర ఆగి గూడు వైపు చూశాడు.

"గూడు సిన్నదే గానీ అత్తా, దాంట్లో పిట్ట ఎంతుండీదో తెలుసా?"

"కుట్టు బావా," అన్నాడు మోహన్. "ఇంకా మూరెడు సిరుగుంది. నీ పిట్ట పెరగడానికి బోల్డు టైముంది."