చిమ్నీలో పొగ లేదని

హలో… ఆ, నేనే అంకుల్, షాలోమ్‌ని. వందనాలు… డ్యూటీలోనే ఉన్నాను. మీ ఊళ్లో, ఎడిసన్‌లో ఇంట్లో అందరూ బాగున్నారా? మీ అమ్మాయి క్రిస్టీ ఎలా—

ఎక్కడున్నారూ?… మా పవర్ ప్లాంట్ గేటు దగ్గరా! ఎప్పట్నుంచి?… రెండు గంటలా! ఈ ఎండలో!… అయ్య బాబోయ్, ఒక్క మాట చెప్తే నేనే వచ్చేవాణ్ణి కదా…

ఆ… వింటున్నాను… చిమ్నీలో పొగ లేదు. పార్కింగ్‌లో ఆరే కార్లున్నాయి. అయితే?… మూతపడలేదు అంకుల్! నా ఉద్యోగం అబద్ధం కాదు!…

ఆగండాగండి, పాస్టర్‌గారికి ఫోన్ చేయకండి! ఆదివారం చర్చ్‌లో మా నిశ్చితార్థం అనౌన్స్ చేస్తారని అందరికీ చెప్పేశాం… ఐదు నిమిషాలు వినండి. తర్వాత మీ ఇష్టం.

నిజమే, మా ప్లాంట్ ఏడాదికి ఓ ఇరవై రోజులు తిరుగుతుంది… నవ్వకండి అంకుల్… మిగతా రోజులు రెడీగా ఉంటుంది. అలా రెడీగా ఉన్నందుకే, ఊళ్లకి కరెంటు పంచే గ్రిడ్ వాళ్లు డబ్బులిస్తారు… ఊరికే ఎవరిస్తారండీ!

మీ కేటరింగే తీసుకోండి. క్రిస్మస్ బిర్యానీకి జూన్‌లోనే అడ్వాన్స్ ఇస్తారు కదా?… ఆ అడ్వాన్సుల ధైర్యంతోనే కదా రెండో వ్యాన్ కొన్నారు?… మరి! ఇదీ అంతే. రెండు మూడేళ్ల తర్వాత ఎంత కరెంటు కావాలో ఇప్పుడే అంచనా వేసి వేలం పెడతారు. పిలిచిన రోజు కరెంటుతో వస్తామని మేం మాటిస్తాం. ఆ మాటకే ఈ డబ్బు. కరెంటు అమ్మితే వచ్చే డబ్బు వేరే…

రాకపోతేనా? ఫైన్! చర్చ్ నిండా జనం కూర్చున్నాక మీరు బిర్యానీ తేకపోతే ఊరుకుంటారా?… అదే మరి.

మీ కుడిపక్క ఖాళీ స్థలంలో ఎర్ర జెండాలు కనిపిస్తున్నాయా?… అక్కడ కొత్త యూనిట్ కడుతున్నాం. ఇరవై రోజులు తిరిగే మెషీన్‌కి బ్యాంకు అప్పెందుకిస్తుంది? వేలంలో గెలిచాం కాబట్టి ఇచ్చింది. మూతపడే కంపెనీ పునాదులు తవ్వుతుందా, మీరే చెప్పండి…

కరెంటు బిల్లు పెరిగిందా… మాకూ పెరిగింది. నన్ను తిడితే తగ్గదు అంకుల్…

ఒక్క నిమిషం, గ్రిడ్ వాళ్ల ఫోన్… యెస్… యెస్, యూనిట్ వన్. స్టార్ట్ చేస్తున్నాం…

అంకుల్! ఉన్నారా? పిలిచారు! ఊరంతా ఏసీలు తిరుగుతున్నాయి కదా ఇవాళ. పది నిమిషాలు పడుతుంది, కట్ చేయకండి, స్పీకర్‌లో పెట్టాను. కారు అద్దం దించండి… పొగ రాదు, ఇది గ్యాస్… నాకూ భయంగానే ఉంది. నెల రోజులుగా లేపలేదు దీన్ని. కాస్త ప్రార్థన చేయండి…

……

లేచింది! వినిపించిందా?… ఆ మోతే!… చిమ్నీ పైన గాలి వణుకుతోందా? అదే అంకుల్, అదే మా పని!… స్తోత్రం, స్తోత్రం!

ఏంటి? గార్డ్ వచ్చాడా?… రెండు గంటలుగా ఇక్కడేం చేస్తున్నారంటున్నాడా? అడగడూ మరి!… మీరెవరో చెప్పండి. లైన్‌లోనే ఉన్నా…

ఏమని చెప్పారూ?… షాలోమ్‌కి కాబోయే మామగారినని చెప్పారా!…

ఆ… ఏం లేదండి, ఈ మోతలో సరిగా వినపడలేదు. ఇంకోసారి చెప్పరా?…

మామయ్యగారూ, లోపలికి వచ్చేయండి. గార్డ్‌కి నేను చెప్తాను. ఇక్కడ ఏసీ ఉంది… ఆ, మన కరెంటే! ఉంటాను.