గౌరి నడిసొచ్చే ముక్క

దొంగనంటావేటి? మళ్లీ అను. ఈదిలో అందరూ తలుపులు తీసుకుని ఇంటన్నారు, ఆళ్లకి సరిగ్గా ఇనిపించేలాగ అను. డేరా సినిమా నగరేశ్వరరావు సావుకారు మిట్టమద్దేనం ఎండలో నడిసొచ్చి, గేటుకాడ సెనక్కాయలమ్ముకునే గున్నమ్మని దొంగ అన్నాడని రేపు సంతంతా సెప్పుకుంటాది. నీకేటి, నీ డేరాకి ఇంకో నలుగురొస్తారు.

పోలీసుల్ని పిలుస్తావా? పిలు. కొండలవేపు గొడవలని ఆళ్లు నీ రెండో ఆట ఆపించీసినారు గదా. తుపాకులట్టుకుని తిరుగుతున్నోళ్లకి నీ బొమ్మలో ముక్క పోయిందని సెప్పు, పరిగెత్తుకొస్తారు.

ఆ సోములుని గుమ్మం దాటొద్దను. ఓరి సోములూ, మిసను తిప్పీవోడివి మిసను తిప్పుకో. నా కుండల్లో సెయ్యెట్టినావంటే ఆ సెయ్యి నీకుండదు. నువ్వు కూకో బాబూ. ఆ పీటమీద కూకో. ఇదిగో, నీళ్లు తాగు. మీ అయ్యని ఎరుగుదును, మంచోడు, అందుకిచ్చినాను. మెత్తబడిపోయినాననుకోకు.

నీ బాధేటో నాకు తెల్దేటి? నిన్న సాయంత్రం ఆటలో నాగకన్య రానేదు. సముద్రం వొచ్చింది, మాంత్రికుడొచ్చినాడు, నాగకన్య నేదు. జనం బెంచీలు ఇరగ్గొట్టీసినారు. ఇయ్యాల కూడా రాకపోతే డేరా పీకీస్తామన్నారు. నానక్కడే ఉన్నాను, కాయలు పొట్లం కడతన్నాను. నిజం సెప్పమంటే నాకు మాసెడ్డ సంతోసమేసింది.

అయినా ఆ బొమ్మ నీదేటి? ఎక్కడ దొరికిందో ఊరందరికీ నువ్వే గొప్పగా సెప్పుకున్నావు గదా. ఇజీనగరంలో పాత ఫిలిం డబ్బాల కొట్టు. గాజులు సేసీవోళ్లకి కరిగించుకోడానికి తూకానికెట్టిన డబ్బాల్లోంచి ఏరుకొచ్చినావు. కొత్త బొమ్మ పెట్టి రైలుకి రాకపోతే, ఆ పూటకి గతినేక దాన్నేసినావు. 'కపాలకోన'. అది తీసిన కాలంలో ఎవుడు సూసినాడు దాన్ని? సికాకుళంలో వారం తిరక్కుండానే తీసీసినారంట. తీసినోడు దివాలా ఎత్తి ఏ దేశం పోయినాడో ఎవులికీ తెల్దు.

ఇన్నేళ్లకి నీ డేరాలో ఏసేసరికి జనానికి పిచ్చి పట్టింది. కళింగపట్నం నుంచి బళ్లు కట్టుకొస్తన్నారు. సికాకుళం కాలేజీ కుర్రోళ్లు సైకిళ్లేసుకొస్తన్నారు. బాగుందని వొస్తన్నారేటి? పులి అని సెప్పి కుక్కకి సారలు పూసినారు, అది గర్జించాల్సిన కాడ తోకాడిస్తాది. మాంత్రికుడికి గోనెపీసు గెడ్డం, కోపమొచ్చినప్పుడల్లా ఊడిపోతాది. మాటలన్నీ కంఠతా పట్టీసి, తెరమీదోడికన్నా ముందు ఈళ్లే అరిసీస్తన్నారు. నవ్వుకోడానికొస్తన్నారు బాబూ. అది నువ్వూ ఎరుగుదువు. టిక్కెట్లు సింపుతూ నువ్వూ నవ్వుతావు.

నవ్వుకోండి. కుక్కని సూసి నవ్వితే నాకేటి? గెడ్డం ఊడితే నాకేటి?

నాను లోపలికొచ్చీదాన్ని కాదు. మా అయ్య బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో సినిమా మాట ఎత్తనివ్వనేదు, ఆయన పోయినా ఆ అలవాటు పోనేదు. గేటుకాడే కూకుని అమ్ముకున్నాను. ఒక సాయంత్రం లోపల డేరా ఎగిరిపోయేలాగ నవ్వుతంటే, ఏటా అని గుడ్డ ఓరగా ఎత్తి సూసినాను. సముద్రంలోంచి మా అప్ప నడిసొస్తన్నాది.

అవును, మా అప్పే. నా నోట్లో పుట్టిన అబద్దమేటి ఇది, నీకాడ ముక్క కొట్టీయడానికి కల్పించుకున్నాననుకున్నావా? పేరు గౌరి. నాకన్నా పెద్దది. మా అమ్మకి ఇద్దరమే.

ఆ బొమ్మ తీసిన రోజుల్లో మేమిద్దరం కళింగపట్నం ఒడ్డుకెళ్లి, సరుగుతోపులో పొయ్యిలోకి ఎండాకు ఊడ్సుకొచ్చీవోళ్లం. అక్కడ ఈ సినిమావోళ్లు దిగినారు. నాగకన్య ఏసం కట్టిన పట్నం పిల్ల ఎండకి సోలి పడిపోయింది. తీసీవోడు అటూ ఇటూ సూసి, తోపులో ఉన్న మా అప్పని పిలిసినాడు. అట్టకిరీటం ఎట్టినారు, బుగ్గలకి రంగు పూసినారు. నీళ్లలోకెళ్లి, ఒడ్డుకి నడిసొచ్చి, సెయ్యి సాపి మాంత్రికుణ్ణి శపించమన్నారు. అది దేనికీ జడిసీ మనిషి కాదు. సరేనని ఎల్లింది.

దాని కోక నాకిచ్చి, పొడిగా అట్టుకోవే అంది. నాను బొమ్మ తీసీ మిసను పక్కన నోరెళ్లబెట్టి నిలబడినాను. కెరటం వొచ్చింది సూసుకోనేదు, కోక సగం తడిసిపోయింది. అప్ప ఒడ్డుకొచ్చింది, సెయ్యి సాపింది. శపించాల. సాపిన సెయ్యి సాపినట్టే ఉంచి, నన్ను సూసింది, కోకని సూసింది.

"ఒసే గున్నీ, కోక తడిపీసినావే" అని ఫక్కున నవ్వీసింది.

మళ్లీ తియ్యడానికి ఆళ్లకాడ ఫిలిం మిగల్నేదంట. అలాగే ఉంచీసినారు. ఆ తరవాత మద్రాసులో ఎవుర్తి సేతో శాపం సదివించి దాని నోటికి అతికించినారు. మొకం నవ్వుతంటాది, గొంతు 'నాశనమైపో దుర్మార్గుడా' అంటాది. నీ జనం దానికే గదా దొర్లి దొర్లి నవ్వుతారు. ఆ పెదాల మీద ఉన్నది నా పేరని ఆళ్లకేటి తెలుసు?

ఆ యేడు వానలకే జొరం తగిలి పోయింది. పెళ్లి కానేదు. ఫొటో నేదు. మా ఇళ్లల్లో ఆ రోజుల్లో ఫొటోలేటి, పెళ్లికీ నేవు, సావుకీ నేవు. సెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నాది బాబూ, నాను దాని మొకం మర్సిపోయినాను. జడ గుర్తున్నాది, గొంతు కొంచెం గుర్తున్నాది, మొకం మట్టుకి ఎంత తల్సుకున్నా రాదు. అడుగుదామంటే అమ్మా పోయింది. అలాటిదాన్ని నీ డేరా గుడ్డ ఎత్తేసరికి, అంత తెర మీద అంత మొకమై నన్ను సూసి నవ్వింది. సుట్టూ జనం ఈలలు. కాయల గంప అక్కడే ఒగ్గీసి ఇంటికొచ్చీసినాను.

మర్నాటి నుంచి కాయలు అమ్మినా అమ్మకపోయినా లోపలికొస్తనే ఉన్నాను. నువ్వు సూడనేదేటి? సూసినావు. నేల టిక్కెట్టు సింపినావు.

వన్స్‌మోర్ అని ఎవుడు మొదలెట్టినాడో ఆడి నోరు పడిపోను. జనం వన్స్‌మోర్ అంటారు, నువ్వు సోములుకి సైగ సేస్తావు. ఆడు మిసనాపి రీలు ఎనక్కి సుట్టి మళ్లీ ఏస్తాడు. ఎనక్కి సుట్టినప్పుడల్లా తెగుతాది. తెగినప్పుడల్లా కత్తిరితో అటు కొంచెం ఇటు కొంచెం కోసి అంటిస్తాడు. కోసిన ముక్కలేటవుతాయి? ఊళ్లో పిల్లకాయలందరికాడా ఉన్నాయి. ఎండలో ఎట్టి సూసుకుంటన్నారు, గోళీలకి మార్సుకుంటన్నారు. మా అప్ప సెయ్యి ఒకడికాడ, కాలు ఒకడికాడ.

మొదట సూసినప్పుడు అది నడుంలోతు నీళ్లకాడి నుంచి ఒడ్డుదాకా నడిసింది. మెల్లగా, కిరీటం పడిపోద్దేమోనని మెడ బిగించి. ఇప్పుడో? నీళ్లలో ఉంటాది, ఒక్క గెంతుకి ఒడ్డుమీద ఉంటాది. మద్దిన నడకేదీ? ఆ గెంతుకీ నవ్వినారు, నాగకన్య కప్పలా ఎగిరిందని. ఇంకా కొన్నాళ్లకి ఆ నవ్వు కూడా తెగిపోద్ది. నాను మళ్లీ మర్సిపోవాల.

అడగలేదంటావా? నీ టిక్కెట్ల కిటికీ కాడ నిలబడి అడిగినాను. బాబూ, అది మా అప్ప, ఆటకి ఒక్కసారెయ్యి, ఎనక్కి సుట్టకు, అన్నాను. నువ్వేటన్నావు? జనం అడిగింది ఎయ్యకపోతే డేరా ఎందుకన్నావు. అంతటితో ఊరుకున్నావేటి? నిజంగా మీ అప్పయితే, నాగకన్య సెల్లెలు అని బోర్డు రాయిస్తాను, ఆట ముందు తెరకాడ నిలబడి దణ్ణం ఎట్టు, జనం ఇంకా వొస్తారన్నావు. అప్పుడే అనుకున్నాను, అది నీకాడ ఉండకూడదని.

అవును. నానే తీసినాను. ఇందాకట్నుంచి అదే గదా నువ్వడుగుతున్నావు. నిన్న మద్దేనం సోములు బువ్వకెళ్లినాడు, రీలు బల్లమీద ఉన్నాది, కత్తిరి పక్కనే ఉన్నాది. నీళ్లు మొదలైన కాడ ఒక కోత, ఒడ్డు అయిపోయిన కాడ ఒక కోత. కొంగులో సుట్టుకుని వొచ్చీసినాను. ఇది దొంగతనమైతే, తూకానికి కొనుక్కొచ్చి మా అప్పని రోజుకింత కోసి పంచినావే, దాన్నేటంటారు?

ఉండు. లెగకు. ఇంకా ఉన్నాది.

ఇంటికి తెచ్చినాక తలుపేసుకుని, కిటికీ ఎండలోకి ఎత్తి సూసినాను. సిన్న సిన్న గళ్లు. గడి గడిలోనూ అప్పే. ఒక్కదాంట్లోనూ కదలదు. నా సేతిలోకొస్తే నాకోసం నడుస్తాదనుకున్నాను, ఎర్రిదాన్ని. పోనీ, కదలకపోతే కదలకపోయింది, ఇంట్లో ఉన్నాది గదా, ఎవులూ నవ్వరు గదా అనుకున్నాను.

నీకు తెలుసు, కన్నెగా పోయిన పిల్లకి ఇంట్లో పేరంటాలని పూజ సేస్తాం. మా అమ్మ ఏటేటా గోడకి పసుపు రాసి, కుంకం బొట్లెట్టి, కొత్త కోక ముందెట్టి దాన్ని పిలిసీది. మొకం నేక గోడకెట్టీది. నాకు మొకం దొరికింది గదా. పెళ్లి పసుపు ఎరగని పిల్ల, ఆ ముచ్చటేదో నానే తీరుస్తాననుకున్నాను. ఇయ్యాల పొద్దున్న పసుపు నీళ్లు కలిపి, ఆ ముక్కకి తానం సేయించినాను. తడి మీదే ముద్దపసుపు బొటనేలితో రాసినాను, గడి గడికీ, పెళ్లికూతురికి రాసినట్టు. ఏలికి జిగురుగా నల్లగా వొస్తంటే పసుపుకి అంటిన మురికనుకున్నాను. పాట కూడా పాడినాను బాబూ.

కడిగి ఎండలోకెత్తితే గళ్లున్నాయి. గాజుపలకలాగ తెల్లగా ఉన్నాయి. అప్ప నేదు.

ఇప్పుడను, దొంగని. నువ్వు రోజుకింత కోసినావు, నాను ఒక్క పూటలో తుడిసీసినాను. నీ పిల్లకాయల సేతుల్లో ఉన్న ముక్కల్లోనైనా అది ఉన్నాది. నా సేతిలోకి వొచ్చినదే నేకుండా పోయింది.

ఇదిగో, కొంగు ముడిలో ఉన్నాది. ఈ మూర మిగిలింది. కొసని పసుపు సాలనేదు, అందుకు మిగిలింది. సోములూ, రారా, నీ సెయ్యి ఇరగ్గొట్టన్లే. ఎండలోకెట్టి సూడు. సెయ్యి సాపిందా? నాకేసి సూస్తందా? ఈ మూర నీ మిసన్లో ఎంతసేపుంటాది? రెప్పపాటా?

సాలు.

అట్టుకెళ్లి అంటించు. ఈ సాయంత్రం ఏసీయండి. నా ఇంట్లో ఉంటే అది కదలదు. నీ డేరాలో, ఆ ఎదవల నవ్వుల మద్దిన కదుల్తాది. నవ్వుతారు, నవ్వుకోనీ. మళ్లీ తెగుద్ది, తెగనీ. నేల టిక్కెట్టు ఒకటి అట్టేపెట్టు బాబూ. ఇయ్యాల వన్స్‌మోర్ అని అందరికన్నా ముందు అరిసీది నానే.